పేరు చదివి తియ్యండి

మా చిన్నాన్న చనిపోయిన ఏడాది దేశంలో యుద్ధం లేదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లుండే మా న్యూ సెటిల్‌మెంట్‌లో అందరూ అనుకున్నది అదే. పాత యుద్ధాలప్పుడు కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించుకుని, దీపాలార్పుకుని కూర్చున్న సంగతులు అమ్మ చెప్పేది. ఈసారి అలాంటివేమీ లేవు. పొద్దున్నే వర్క్‌షాప్ కూత కూసేది, సైకిళ్ళన్నీ ఒకేసారి రోడ్డెక్కేవి, సాయంత్రం మళ్ళీ కూత, మళ్ళీ సైకిళ్ళు. అలాంటి ఒక మామూలు మధ్యాహ్నం మా క్వార్టర్‌కి టెలిగ్రాం వచ్చింది. ఎనభైల చివర, మన సైన్యం శ్రీలంకలో ఉన్న కాలం అది.

నాన్న డ్యూటీలో ఉన్నారు. అమ్మ రేషన్ షాపుకి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది నాయనమ్మ, పిన్ని, తొమ్మిదో తరగతి చదువుతున్న నేను. ఇంగ్లీషు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. కాగితం విప్పి పైకి చదివాను. చదువుతుండగానే అర్థం తెలిసింది.

"ఏటి రాసినారు?" అంది పిన్ని.

నేను కాగితం మడిచేశాను.

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాను.

"ఇంగ్లీసులో కాదమ్మీ. మన బాసలో సెప్పు."

"చిన్నాన్న పోయినాడు, పిన్నీ."

నాయనమ్మ అప్పుడు చేటలో బియ్యం ఏరుతోంది. నా మాట వినబడ్డాక కూడా ఆమె వేళ్ళు ఆగలేదు. చేటలో ఉన్న బియ్యమంతా ఏరి, మట్టిగడ్డలు ఒక పక్కకు తోసి, చేట గోడకు ఆనించి, అప్పుడు నేల మీద పడిపోయింది. పిన్ని మాత్రం నిలబడే ఉంది. కాగితం నా చేతిలోంచి తీసుకుని, తనకు రాని ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది.

మా తాతయ్య శ్రీకాకుళం జిల్లాలో వంశధారకు దగ్గరలో ఉన్న పల్లె నుంచి వర్క్‌షాప్‌లో కలాసీగా ఖరగ్‌పూర్ వచ్చాడు. నాన్న పుట్టిన చాలా ఏళ్ళకు చిన్నాన్న ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో పుట్టాడు. తాతయ్య త్వరగా పోతే నాన్నే అతన్ని పెంచారు. పొడుగ్గా ఉండేవాడు, చేతులు ఇంకా పొడుగు. మా రోడ్డు చివరి క్లబ్బు ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. ఆట గెలిచిన రోజున బెంగాలీ కుర్రాళ్ళు అతన్ని భుజాల మీద మోసుకొచ్చి మా గుమ్మం ముందు దింపేవాళ్ళు. నాయనమ్మ వాళ్ళందరికీ బెల్లం వేసిన అటుకులు పెట్టేది.

నాన్న అతనికి రైల్వేలో అప్రెంటిసు చూశారు. చిన్నాన్న ఒప్పుకోలేదు.

"అన్నా, బోగీలు నువ్వు బాగుసేస్తన్నావు కదా. నాను మన ఊరోళ్ళ దారిన పోతాను," అన్నాడు.

మన ఊరోళ్ళ దారి అంటే మిలట్రీ. తాతయ్య తమ్ముళ్ళు, వాళ్ళ కొడుకులు, ఆ పల్లెలో చాలా ఇళ్ళ నుంచి మగవాళ్ళు సైన్యంలోనే చేరేవాళ్ళు. ఊరి సంగతి వస్తే నాయనమ్మ వెన్ను నిటారుగా అయ్యేది. "మా ఊర్లో పిల్లనడగడానికొచ్చినోడిని ముందుగాల నీ ఇంట్లో మిలట్రీకి ఎవులెల్లినారని అడుగుతాం. పొలమెంతని తరవాత అడుగుతాం," అనేది. ఈ మాటలు వింటూ పెరిగినవాడు ఏ దారిన పోతాడు? నాన్న కొన్నాళ్ళు అతనితో మాట్లాడలేదు. తర్వాత యూనిఫాంలో సెలవుకి వచ్చినప్పుడు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని గోల్‌బజార్ అంతా తిప్పారు.

పిన్నిది మా ఊరి పక్క ఊరు. పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చేసరికి హిందీ రాదు, బెంగాలీ రాదు. కూరలమ్మితో వేళ్ళు చూపించి బేరమాడేది. ఆమెకు గొంతు తగ్గించి మాట్లాడటం చేతకాదు. గుసగుసగా చెప్పినా రెండు క్వార్టర్ల అవతలికి వినిపించేది. పిల్లలు పుట్టకముందే ఈ టెలిగ్రాం వచ్చింది.

శవం రాలేదు. అక్కడే దహనం చేశారని తర్వాత తెలిసింది. పదకొండో రోజున చుట్టుపక్కల ఆడవాళ్ళు, ఊరి నుంచి వచ్చిన బంధువులు మా ఇంట్లో చేరారు. పిన్నిని పీట మీద కూర్చోబెట్టి, గాజులు తీయడానికి ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుంది. పిన్ని ఆ చెయ్యి విడిపించుకుంది.

"ఆయన్ని నాకు సూపించండి. అప్పుడు తీస్తాను."

"సూపించడానికేటుందమ్మా? గవర్నమెంటోళ్ళు కాయితం పంపినారు కదా," అంది ఆ ముసలావిడ.

"కాయితం సూసి బొట్టు తుడుసుకోను."

గదిలో సణుగుడు మొదలైంది. అందరూ నాయనమ్మ వంక చూశారు. భర్త పోయినప్పుడు నాయనమ్మ అన్నీ తీసేసిన మనిషి. తెల్లచీరలో గోడకానుకుని కూర్చున్న ఆమె లేచి వచ్చి, పిన్ని కూర్చున్న పీటకు అడ్డంగా నిలబడింది.

"నా కొడుకు పోయినాడు. నా కోడలు పోనేదు. పిల్లని ఒగ్గీండి," అంది.

ఆ రోజుకి అది అక్కడితో ఆగింది. ఊరి బంధువులు భోజనం చేయకుండానే స్టేషన్‌కి వెళ్ళిపోయారు. పిన్ని ఆ తర్వాత కూడా బొట్టు పెట్టుకుంది, గాజులు వేసుకుంది. ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే మనిషి కాదు. "పెట్టుకుంటే నీకేటి నొప్పి?" అని ఎదురడిగేది.

కొన్ని వారాలకు చిన్నాన్న యూనిట్ నుంచి ఒక జవాను వచ్చాడు. నల్లటి పెట్టె ఒకటి, మూతికి గుడ్డ కట్టి సీలు వేసిన చిన్న రాగి చెంబు ఒకటి తెచ్చాడు. పంజాబీ కుర్రాడు. టీ ఇస్తే నిలబడే తాగాడు. రోడ్డు మీద మందుపాతర పేలిందని, దళంలో చిన్నాన్న అందరికంటే ముందు నడుస్తున్నాడని నాన్నకు హిందీలో చెప్పాడు. "ఆగే థా," ముందున్నాడు అని రెండుసార్లు అన్నాడు. పిన్నికి ఆ మాట అర్థమైంది. ఆమెకు వచ్చిన మొదటి హిందీ మాటల్లో అదొకటి.

మా రోడ్ల కూడళ్ళలో శహీద్ బేదీలు ఉండేవి. ఇటుకతో కట్టి సున్నం వేసిన చిన్న స్తంభాలు. సమ్మెల్లోనో, పార్టీ గొడవల్లోనో చనిపోయినవాళ్ళ పేర్లు వాటి మీద రాసి, ఏడాదికొకసారి దండలు వేసేవాళ్ళు. క్లబ్బు ముందు కూడా ఒకటుంది. దాని మీద మా చిన్నాన్న పేరు కూడా రాయించమని అడగడానికి నాన్న బయలుదేరితే, నేను సైకిల్ వెనక కూర్చుని వెళ్ళాను. క్లబ్బు సెక్రటరీ చిన్నాన్నతో కలిసి ఆడినవాడే. నాన్న భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"మంచి గోల్‌కీపరు, దాదా. అలాంటి గోలీ మళ్ళీ మాకు దొరకలేదు," అన్నాడు. తర్వాత కాసేపు గడ్డం గోక్కున్నాడు. "కానీ పేరు రాయాలంటే ఏ యుద్ధమని రాయాలి? మన దేశం మీద ఎవరైనా దండెత్తారా? అది వేరే దేశం వాళ్ళ తగువు. మద్రాసులోనే ఆ సైన్యాన్ని ఎవరూ మెచ్చుకోవడం లేదంటున్నారు. మేం రాస్తే రేపు పార్టీ వాళ్ళు అడుగుతారు. అయినా మీ దేశం ఆంధ్రా కదా. అక్కడ పెట్టించండి, గౌరవంగా ఉంటుంది."

నాన్న లేచి నమస్కారం పెట్టి వచ్చేశారు. ఇంటికొచ్చాక ఉన్నదున్నట్టు చెప్పారు. పిన్ని అన్నం వండుతోంది. గరిటె గిన్నె మీద పెట్టి, "ఈ గ్రౌండులో బంతాపినన్నాళ్ళు ఇక్కడోడేనా? సచ్చిపోయాక ఆంధ్రావోడయిపోయినాడేటి, బావగారూ?" అంది.

ఆ రోజుల్లోనే బడిలో నాకు గొడవయింది. తెలుగువాళ్ళమైన మమ్మల్ని తెలెంగా అని పిలవడం అక్కడ మామూలు. చిన్నప్పటి నుంచి విని విని చెవికి పట్టేది కాదు. కానీ ఒకడు వెనక బెంచీ నుంచి, "తెలెంగా వానరసేన లంకకెళ్ళి తిరిగి రాలేదు," అన్నాడు. నేను వెళ్ళి వాడి చెంప మీద కొట్టాను. చేతిలో జామెట్రీ పెట్టె ఉన్నందువల్ల వాడి పెదవి చిట్లింది. మమ్మల్నిద్దరినీ హిస్టరీ టీచర్ దగ్గరికి పంపారు. ఆవిడ బెంగాలీ, పెద్ద వయసు మనిషి. ఎందుకు కొట్టావని నన్నడిగింది. చెప్పాను. కుర్రాడి పెదవికి దూది పెడుతూ ఆవిడ వాడితోనే మాట్లాడింది.

"తెలెంగా అంటే ఏమిటో తెలుసా నీకు? మన ముత్తాతల కాలంలో బెంగాల్‌లో తెలెంగా అంటే సిపాయి అని అర్థం. కంపెనీ వాళ్ళు మొదట్లో తెలుగు దేశం నుంచి సిపాయిల్ని తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఏ దేశం సిపాయి అయినా మన జనానికి తెలెంగాయే. నువ్వు తిట్టాననుకుని ఆ పిల్లని సిపాయి అని పిలిచావు. ఆ పిల్ల కొట్టింది."

ఆ మాట ఇంట్లో చెప్పాను. ఆ సిపాయిలు తెల్లవాళ్ళ కోసం పోరాడారని నాకు తెలుసు, అందులో గొప్ప చెప్పుకోవడానికేమీ లేదని కూడా చెప్పాను. నాయనమ్మ అదేమీ పట్టించుకోలేదు. "నాను ఇన్నాళ్ళూ సెప్తన్నది అదే కదేటి? మనం మిలట్రీ మడుసులం," అంది. ఆ తర్వాత బజారులో ఎవరైనా తెలెంగా అంటే ఆవిడ "హా, తెలెంగా," అని తలూపి ముందుకు పోయేది.

చలికాలం పోయాక చితాభస్మం తీసుకుని అందరం ఊరికి వెళ్ళాం. సగం ముందే ఖరగ్‌పూర్ దగ్గర కంసాయి నదిలో కలిపాం, మిగతాది వంశధార కోసం ఉంచాం. అలా చెయ్యాలని పట్టుబట్టింది పిన్నే. ఆముదాలవలసలో బండి దిగి, బస్సెక్కి, ఊరి మొగలో దిగేసరికి ఎండ తీక్షణంగా ఉంది. రోడ్డు పక్కన వరసగా రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. నడుమెత్తు బండరాళ్ళు. ఒక్కోదాని మీద తుపాకి పట్టుకున్న మనిషి బొమ్మ మొరటుగా చెక్కి ఉంది, కింద పేరు, పోయిన చోటు. అన్నిటికంటే పాతదాని మీద అక్షరాలు అరిగిపోయాయి. మొదటి జర్మనీ యుద్ధానికని ఓడెక్కి ఇరాక్‌లోని బస్రాలో చనిపోయినవాడి రాయి అది. పేర్లన్నీ నాయనమ్మకు తెలుసు. ఒక్కో రాయినీ ముట్టుకుంటూ, ఎవరి కొడుకో, ఎవరి మొగుడో చెప్పుకుంటూ నడిచింది. ఊరి ఆడవాళ్ళు విత్తనాలు చల్లేముందు ఆ రాళ్ళకు పసుపునీళ్ళు పోస్తారట. నేను ఎండలో నిలబడి ఆ పేర్లు చదివాను. ఖరగ్‌పూర్‌లో మద్రాసీ అనీ తెలెంగా అనీ తలొంచుకుని నడిచిన రోడ్లన్నీ గుర్తొచ్చాయి. మా పల్లె గురించి నాకు తెలిసినదల్లా చింతపండు, ఎండుచేపల మూటలే. ఇన్ని దేశాల పేర్లు ఈ మట్టిలో పాతి ఉన్నాయని ఎవరూ చెప్పలేదు.

నదిలో అస్థికలు కలిపి వచ్చాక సాయంత్రం రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చున్నారు. చిన్నాన్నకూ వరసలో ఒక రాయి వెయ్యాలని నాన్న అడిగారు. ఒకాయన తువ్వాలు దులుపుతూ, "ఆడు ఇక్కడ పుట్టినోడేటి? ఆడి పేరు మన ఊరి రేషన్ కార్డులో కూడా నేదు. ఖరగ్‌పూరోడు కదా," అన్నాడు. ఆ మాట నాన్న ముఖం మీద కొట్టినట్టయింది. క్లబ్బు దగ్గర ఆంధ్రావాడు, ఇక్కడ ఖరగ్‌పూర్‌వాడు.

తాతయ్య ఆఖరి తమ్ముడు, మాకు చిన్నతాతయ్య, హవల్దారుగా రిటైరై ఊళ్ళోనే ఉండేవాడు. ఒక కాలు ఈడ్చి నడిచేవాడు. ఆయన కర్ర నేల మీద గట్టిగా పెట్టాడు.

"బస్రాలో పోయినోడికి ఇక్కడ రాయేసినారు. ఆడు పోయిన కాడ పుట్టినాడా, పుట్టిన కాడ పోయినాడా? మన బిడ్డకి ఊరుందో నేదో మీరా తేల్చీది? నా పొలం గట్టున కొండ ఉన్నాది. నానే తీయిస్తాను రాయి."

మగవాళ్ళ వెనక నిలబడి వింటున్న పిన్ని ముందుకొచ్చింది. ఆ ఊళ్ళో కోడళ్ళు రచ్చబండ దగ్గర మాట్లాడరు.

"ఒకటి సాలదు, మావయ్యా. రెండు తీయించండి. ఒకటి ఇక్కడ, ఒకటి ఖరగ్‌పూర్‌కి."

ఎవరో నవ్వారు. చిన్నతాతయ్య నవ్వలేదు. "రైల్లో ఎలా ఎక్కిస్తావమ్మా?" అని మాత్రం అడిగాడు. "మా బావగారు రైల్వేయే కదేటి," అంది పిన్ని.

ఒకే కొండ నుంచి రెండు రాళ్ళు తీశారు. ఒకటి వరసలో చివర నిలబడింది. రెండోదానికి గడ్డి, గోనెపట్టాలు చుట్టి, బండి మీద రోడ్డుదాకా, అక్కడి నుంచి లారీ మీద ఆముదాలవలస స్టేషన్‌కి చేర్చాం. పార్సిల్ గుమస్తా కిటికీలోంచి చూసి ఏం సరుకని అడిగాడు. రాయి అన్నారు నాన్న.

"ఖరగ్‌పూర్‌లో రాళ్ళు దొరకవేటండీ?"

"దొరుకుతాయి," అంది నాన్న వెనక నుంచి పిన్ని. "మా ఊరివి దొరకవు."

ఖరగ్‌పూర్‌లో పార్సిల్ బోగీ ఆ పొడవాటి ప్లాట్‌ఫారం ఎక్కడో తూర్పు కొసకు వచ్చి ఆగింది. నాన్న వర్క్‌షాప్ స్నేహితులు తోపుడుబండి మీద రాయిని మా క్వార్టర్‌దాకా తెచ్చారు. ఇంటి ముందు రోడ్డు మలుపులో అక్కడ కృష్ణచూడా అనే తురాయి చెట్టు కింద గొయ్యి తీసి, సిమెంటు పోసి నిలబెట్టారు. పక్క క్వార్టర్‌లో రైల్వే ఆసుపత్రి నర్సు ఉండేది, తెలుగు క్రిస్టియన్లు వాళ్ళు. ఆవిడ బైబిలు తెచ్చి ఒక కీర్తన చదివి, కొవ్వొత్తి వెలిగించింది. నాయనమ్మ పసుపునీళ్ళు పోసింది. రాయి మీద తెలుగులోనే చెక్కించాం: చిన్నాన్న పేరు, అతని ర్యాంకు, మా ఊరు, జిల్లా. కింద రెండు వాక్యాలు. ఖరగ్‌పూర్‌లో పెరిగినవాడు. దేశం పని మీద వెళ్ళి లంకలో ప్రాణం ఇచ్చినవాడు. ఆ వాక్యాలు నేను రాశాను, పిన్ని ఒప్పుకునేదాకా మళ్ళీ మళ్ళీ రాశాను.

నెల తిరగకముందే ఎవరో ఫిర్యాదు చేశారు. రైల్వే స్థలంలో అనుమతి లేకుండా కట్టడం కట్టామని. ఇంజనీరింగు విభాగం ఇన్‌స్పెక్టరు ఒకాయన గొడుగు పట్టుకుని, గునపాలతో నలుగురైదుగురు గ్యాంగ్‌మన్లను వెంటబెట్టుకుని వచ్చాడు. నాన్న అప్పుడు కూడా డ్యూటీలోనే ఉన్నారు. పిన్ని బయటికొచ్చింది. నేను పక్కన నిలబడి ఆవిడ తెలుగుకి హిందీ చెప్పాను.

"ఇది తీసెయ్యాలమ్మా. రైల్వే భూమిలో కట్టడాలు కుదరవు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కటువుగా ఏమీ అనలేదు. ఆయన పని ఆయన చెప్పాడు.

"నానేటీ కట్టనేదు. రాయి నిలబెట్టినాను."

"నిలబెట్టినా అంతే. రూల్ రూలే."

"మంచిది, తియ్యండి," అంది పిన్ని. నేను ఆశ్చర్యపోయి ఆవిడ వంక చూశాను. చెప్పు, అన్నట్టు నన్ను మోచేత్తో పొడిచింది. "తియ్యండి. గునపం ఎయ్యీ ముందుగాల దాని మీదున్నది పైకి సదవండి. పేరు సదివి తియ్యండి. అందరూ వినీలాగ."

అప్పటికి చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చేశారు. నర్సు డ్యూటీకి వెళ్ళబోతూ తెల్ల యూనిఫాంలోనే వచ్చి పిన్ని పక్కన నిలబడింది. ఇన్‌స్పెక్టరుకి తెలుగు రాదు. గ్యాంగ్‌మన్లలో పెద్దాయన వంక తిరిగి, నీకొచ్చా అని అడిగాడు. ఆయన పలాస వైపు మనిషి, మా జిల్లాయే. రాయి దగ్గరికి వంగి, వేలితో తడుముతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. పేరు చదివాడు. ఊరు చదివాడు. జిల్లా పేరు దగ్గర ఆయన గొంతులో తేడా వచ్చింది. ఆఖరి వాక్యం అయ్యాక నిటారుగా నిలబడి తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. వెనకున్నవాడు గునపం నేల మీద పెట్టాడు. మిగతావాళ్ళూ పెట్టారు.

"క్యా లిఖా హై?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను హిందీలో చెప్పాను. ఒక్క మాట కూడా వదలలేదు. ఆయన గొడుగు మూసి, రాయి వంక, మనుషుల వంక చూశాడు. "ఆజ్ నహీ హోగా," ఇవాళ కాదు అని గ్యాంగ్‌మన్లతో చెప్పి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరూ రాలేదు. మాకు అనుమతి ఇవ్వలేదు, రాయీ తియ్యలేదు.

తర్వాతి ఏళ్ళలో పిన్ని మా దగ్గరే ఉండిపోయింది. తెలుగు బడిలో ఆయాగా చేరి, పరీక్షలు రాసుకుని, చిన్నపిల్లల టీచరయింది. ఆవిడ ఆ రాయి పక్కన జీవితం ముగించిందనుకునేవాళ్ళకు ఆవిడ తెలియదు. సినిమాలకు వెళ్ళేది, మలుపులో వినిపించేలా నవ్వేది, బెంగాలీ నేర్చుకుని కూరలమ్మితో దెబ్బలాడేది. జెండా రోజుల్లో క్లబ్బువాళ్ళ కంటే ముందే మా రాయి దగ్గర చిన్న జెండా ఎగరేసి, పిల్లలకు బూందీ పంచేది. మొదట బూందీ కోసమే వచ్చినా, రాయి మీది పేరు పిల్లలందరికీ నోటికొచ్చింది.

తొంభైల చివర కార్గిల్ వచ్చింది. ఈసారి యుద్ధం అందరి ఇళ్ళలో, టీవీలో కనబడింది. జెండా కప్పిన పెట్టెలు చూసి ఊరంతా ఏడ్చింది. క్లబ్బు వాళ్ళు పాత బేదీ పక్కన చలువరాతితో కొత్తది కట్టడం మొదలుపెట్టారు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి కలకత్తాలో ఉన్నాను. సెలవుకి ఇంట్లో ఉండగా ఆ సెక్రటరీయే వచ్చాడు. జుట్టు నెరిసింది.

"దీదీ, మీ ఆయన పేరు కూడా వేస్తున్నాం. ఆగస్టు పదిహేనున మీరు వేదిక మీద కూర్చోవాలి," అన్నాడు.

పిన్ని బెంగాలీలోనే మాట్లాడింది. "ఏ యుద్ధమని రాస్తారు?"

ఆయన తల దించుకున్నాడు. "అప్పుడు మాకు తెలియలేదు."

"ఇప్పుడు టీవీలో చూపించారు కాబట్టి తెలిసింది. సరే. పేరు వెయ్యండి. పక్కన మా ఊరి పేరు వెయ్యాలి. తెలుగులో వెయ్యాలి."

తెలుగు అక్షరాలు కుదరవన్నాడు, కమిటీ ఒప్పుకోదన్నాడు. రెండుసార్లు తిరిగాడు. చివరికి ఊరి పేరు బెంగాలీ అక్షరాల్లో వెయ్యడానికి ఒప్పందం కుదిరింది. తెలుగు అక్షరాలు మాత్రం పడలేదు. పిన్ని దానికి సంతోషించలేదు, అలాగని మానుకోనూ లేదు. పంద్రాగస్టు పొద్దున్నే వెళ్ళి చూస్తే ఊరి పేరులో ఒక అక్షరం తప్పుంది. రంగులవాణ్ణి పిలిపించి, మంత్రులూ మైకులూ రాకముందే అక్కడే నిలబడి దిద్దించింది.

సభలో ఆవిడను రెండు మాటలు చెప్పమన్నారు. పిన్ని మైకు ముందుకెళ్ళి తెలుగులో మొదలుపెట్టింది. ముందు వరసలోంచి ఎవరో, "బాంగ్లాయ్ బోలున్, దీదీ," అన్నారు.

"మిగతా రోజులన్నీ మీ బాసలోనే మాట్లాడతన్నాను," అంది పిన్ని. "ఇయ్యాల మాత్రం మా బాస. ఆయన ఈ బాసలోనే నన్ను పిలిసినాడు. మీకు అర్థం కాపోతే మా పిల్ల సెప్తాది, వినండి."

నన్ను పైకి పిలిచారు. ఆవిడ ఒక్కో వాక్యం చెప్పి ఆగేది, నేను బెంగాలీలో చెప్పేదాన్ని. మైకు అవసరం లేనంత గొంతు ఆవిడది.

"ఆయన ఎవురిదో తగువుకి పోనేదు. పంపితే ఎల్లినాడు. పంపింది మీరూ, నానూ, ఈ దేశం. పోయినోడిని గెలిసిన యుద్ధమా, ఓడిన యుద్ధమా అని అడగకండి. అది పంపినోళ్ళు సెప్పాల. ఆయనది శ్రీకాకుళం జిల్లా. ఆ మట్టి మనిషి మీ గోల్‌పోస్టు కాసినాడు, దేశమూ కాసినాడు. అంతే."

చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక చాలాసేపు ఆగలేదు. నాన్న జనంలో వెనక నిలబడి ఉన్నారు. ఆయన చప్పట్లు కొట్టలేదు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడ్డారు.

వేదిక మీద పిన్ని పక్క కుర్చీలో ఖరగ్‌పూర్ పక్కన సాలువా అనే చోటికి దగ్గరి పల్లె నుంచి తీసుకొచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఆ ఎండాకాలంలోనే కార్గిల్ కొండల మీద భర్తను పోగొట్టుకున్న నేపాలీ పిల్ల. తెల్లచీర కొంగు ముఖం మీదికి లాక్కుని, మొదటి నుంచీ ఒడిలోకే చూస్తోంది. పేపరు వాళ్ళు ఫొటో కోసం ముందుకొచ్చారు. పిన్ని ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"తలెత్తు తల్లీ. ఫొటో తీస్తన్నారు," అంది.

ఆ పిల్లకు తెలుగు రాదు. అయినా తలెత్తింది.